గుక్కెడు గుక్కెడుగా

మార్చి 4

వదినకి,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి, కుట్టు మిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చో. నేను బాగానే ఉన్నాను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మిగతాది చదివాక చెబితే నువ్వు నమ్మవు.

పోయిన వారం నాకు ఆపరేషన్ అయింది. లావు తగ్గడానికి చేసేది. కడుపులో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టేశారు. ముందే చెబితే నువ్వొచ్చి ఆసుపత్రి గుమ్మంలో క్యారియరు పెట్టుకుని కూర్చుంటావు. నిన్ను చూసి డాక్టరుకి చెయ్యి వణుకుతుంది. అందుకే చెప్పలేదు.

ఎందుకు చేయించుకున్నానో చెబుతాను, నవ్వకు. చలికాలంలో ఒక మధ్యాహ్నం బస్టాండులో నా గదిలో మైకు ముందు కూర్చున్నాను. "ప్రయాణికులకు గమనిక" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. మీట మీద వేలు అలాగే ఉండిపోయి, కునుకు పట్టేసింది. బస్టాండంతా నా గురక విన్నది వదినా! ప్లాట్‌ఫాంల చివరిదాకా, మరుగుదొడ్లదాకా, స్పీకరున్న ప్రతిచోటా. మా కంట్రోలరు మెట్లెక్కి వచ్చి నా భుజం తట్టేసరికి కింద జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఇన్నేళ్ళుగా నేను చెప్పే మాటలకి ఒక్కరూ తలెత్తి చూసింది లేదు. గురకకి మాత్రం అందరూ చూశారట.

నవ్వుల మాట అటుంచు. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు. ఆగుతుంది, ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటుంది. ఒళ్ళు తగ్గకపోతే ఏదో ఒకసారి అందుకోదు అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ గదిలో ఒక్కదాన్నే కన్ను మూయాలంటే భయమేసింది.

ఇప్పుడు నాది తిండి కాదు, అంతా తాగుడే. మన ఇంటావంటా లేని అలవాటు! నీళ్ళు, వడగట్టిన సూపు, పలచటి పాలు. మందు పోసుకునే బుల్లి కప్పుతో ఒక గుక్క, ఆగడం, ఇంకో గుక్క. తొందరపడితే గుండెల మీద ఇటుక పెట్టినట్టుంటుంది. లోపలి కుట్లు మానాలి కదా, "నేను సరేననేదాకా పంటికి పని చెప్పొద్దు" అని ఆసుపత్రిలో తిండి సంగతి చూసే ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది.

ఆకలి వెయ్యట్లేదు, అదే విచిత్రం. తోచకపోవడమే నా బాధ. కూరలు తరగడం లేదు, పోపు పెట్టడం లేదు, గిన్నెలు తోమడం లేదు. ఒక కప్పు, ఒక చెంచా కడిగి బోర్లిస్తే నా సంసారం సర్దుకున్నట్టే. సాయంత్రం ఇంత పొడుగ్గా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

అన్నయ్యకి నువ్వే మెల్లిగా చెప్పు.

నోరు కట్టేసుకున్న
నీ ఆడపడుచు

*

మార్చి 9

బొండుమల్లీ,

కూర్చోమన్నావు, కూర్చున్నాను. లేవడమే నా వల్ల కాలేదు. మీ అన్నయ్య కింద తాళాల షాపు మూసి భోజనానికి పైకొచ్చాడు, నా మొహం చూసి ఉత్తరం లాక్కుని చదివాడు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాడు. "దానికి మనం ఏమీ కామా?" అన్నాడు. జవాబు నీ దగ్గరుంటే రాయి.

నీ కడుపు నీది, కాదనను. కానీ దాన్ని నింపింది నేను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మీ అమ్మ పోయి ఏడాది కూడా తిరగలేదు. నువ్వు గౌను అంచు నోట్లో కుక్కుకుని గోడకి అంటుకుపోయి నుంచునేదానివి. పిలిస్తే పలుకు లేదు. మూగపిల్లేమో, నాకెవరూ చెప్పలేదేమో అనుకున్నాను. మాట చెబితేనే ముద్ద అని మొండికేశాను. మొదటిసారి "ఊ" అన్నావు. తర్వాత "చాలు" అన్నావు. దాన్ని మాటల్లో జమ వెయ్యలేదనుకో! అలా ముద్దకో మాట రాబట్టాను. ఆ నోరే ఇవాళ ఒక బస్టాండుని నడిపిస్తోంది. నువ్వేమో ఆ ముద్దలన్నీ కొవ్వని తేల్చి కోయించి పారేశావు. ఇందులో మా వదిన తప్పెంత అని డాక్టరుని అడిగావా?

సరే, అయిందేదో అయింది. చప్పటి నీళ్ళు తాగి ఎంతకాలం ఉంటావు? జ్వరం వచ్చినవాళ్ళకి రెండు మూడు రోజులు పథ్యం పెడతారు. ఇదీ అంతేగా?

రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఒంటరి ప్రయాణం ఈమధ్య నాకు పడట్లేదు. మీ అన్నయ్యకి షాపు వదిలే వీల్లేదు. బడులు తెరిచేలోపు కుట్టాల్సిన యూనిఫాంలు గుట్టలా పడున్నాయి. కింద తాళంచెవులు అరగదీసే మిషను చప్పుడు ఒకప్పుడు నా తల పగలగొట్టేది. ఇప్పుడు అదీ నన్నేం చెయ్యట్లేదు. అన్నిటికీ అలవాటు పడిపోయాను.

ఇంకో మాట. ఫోన్ చెయ్యకు. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది. ఉత్తరమైతే దాచుకుని మళ్ళీ చదువుకుంటాను.

సన్నబడ్డాక నిన్ను ఏమని పిలవాలో కూడా రాయి. ఇన్నేళ్ళు బొండుమల్లీ అన్న నోటితో సన్నజాజీ అనడం నాకు చేతకాదు.

నీ వదిన

*

మార్చి 15

వదినా,

ఫోన్ చెయ్యొద్దన్నావు. చేశాను. బుద్ధొచ్చింది.

నువ్వు ఎత్తగానే నాకు ఏడుపొచ్చింది. "వదినా, ఒక్కసారి రావా" అన్నాను. నువ్వు "ఆఁ, ఆఁ, బాగున్నాం, అందరం బాగున్నాం, ఉంటాను మరి" అని పెట్టేశావు. కోపముంటే తిట్టు, పడతాను. ఏడుస్తున్న మనిషికి బాగున్నామని చెప్పకు.

నీ ముద్దల్ని నేనెప్పుడు తప్పు పట్టాను? ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాక తిన్నదంతా నా చేత్తో నేను తిన్నదే. గదిలో రెండో మనిషి లేదు కనక, ఆ రెండో మనిషి వాటా కూడా నేనే తిన్నాను.

మళ్ళీ ఉద్యోగంలో చేరాను. మైకు గదికి ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారే ఆగుతున్నాను. గొంతు మాత్రం పలచబడింది. కంట్రోలరు మైకు సౌండు పెంచి ఊరుకున్నాడు, మంచివాడు.

మధ్యాహ్నమే కష్టం. టికెట్ కౌంటర్ల వెనక గదిలో పొడుగాటి బల్ల ఉంటుంది. అందరం డబ్బాలు తెచ్చుకుని అక్కడే కూర్చుంటాం. గ్యాసు ఆపరేషను అని చెప్పాను వాళ్ళకి. మొదటిరోజు నా బుల్లి కప్పు పెట్టుకుని కూర్చున్నాను. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అంటూ కౌంటరావిడ తన డబ్బా నా ముందుకి తోసింది. నేను వద్దంటే ఇంకొకరు తోశారు. నేను తినట్లేదని వాళ్ళకి తిండి సయించలేదు. వాళ్ళు నన్ను చూసి గబగబా తినడం మొదలుపెట్టారు. మర్నాడు నేను వెళ్ళలేదు. ఎవరూ పిలవలేదు. ఇప్పుడు మైకు గది మెట్ల మలుపులో, పాత బోర్డులు పెట్టినచోట కూర్చుని తాగుతున్నాను. అటుగా పార్శిలు గుమస్తా ఒక్కడే వస్తాడు. ఎప్పుడూ ఏదో గొణుగుతుంటాడని ఆయన్ని గొణుగుడాయన అంటాం. నన్ను దాటుకుని పోతూ కూడా గొణుగుతాడు.

అన్నం మానేస్తే మనుషుల్ని కూడా మానెయ్యాలని ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు వదినా.

నిన్న ఒక పని చేశాను. దుకాణంలో బ్రెడ్డు కొని, గదికి తెచ్చి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని మెత్తగా, ఇష్టం తీరా నమిలాను. నమిలి సింకులో ఊసేశాను. ఎంత సుఖంగా ఉందో, ఊసేటప్పుడు అంత సిగ్గేసింది. ఎవరితోనూ అనకు.

నీ ఆడపడుచు

*

మార్చి 19

బొండుమల్లికి,

నువ్వు ఏడ్చావని ఉత్తరం చూస్తేగానీ తెలీలేదు. ఆ పూట లైను బాగాలేదు. నవ్వుతున్నావేమో అనుకున్నాను. ఇక ఆ సంగతి వదిలెయ్.

బ్రెడ్డు నమిలానని రాశావు చూడు, ఆ ముక్క చదివి నా ప్రాణం లేచొచ్చింది. పళ్ళకి పని పడిందన్నమాట! ఊసేశావంటే ఊసెయ్యవూ మరి, దుకాణం బ్రెడ్డుకి రుచేముంటుంది? ఇంట్లో చేసిందైతే నోరు దానంతటదే మింగుతుంది.

అందుకే గింజలు వేయించి, పాకం పట్టి, నీకిష్టమైన ఉండలు చేశాను. రేకు డబ్బాలో పెట్టి మీ అన్నయ్య చేత ఇవాళే మీ బస్టాండుకి పార్శిలు వేయించాను. మరీ గట్టిగా లేవు, నీ కడుపు గుర్తు పెట్టుకునే చేశాను. పూటకి ఒకటి చప్పరించు. మీ అన్నయ్య ఒకటి తీసుకోబోతే చేతి మీద ఒక్కటేశాను.

ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా తలా ఒకటి పెట్టు. పెడితే మనుషులు వాళ్ళే దగ్గరికొస్తారు. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

నీ వదిన

*

మార్చి 26

వదినకి,

ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికి పంపారు. రెండోసారి.

నీ డబ్బా వచ్చింది. గొణుగుడాయన తెచ్చి నా మైకు పక్కన పెట్టి, "బరువుంది, ఎవరు పంపారో గానీ" అని గొణిగి వెళ్ళాడు. మూత తీశాను. ఆ వాసనకి ఇల్లంతా కళ్ళముందుకొచ్చింది. పొద్దుటినుంచీ మూత పెడుతూ తీస్తూ ఉన్నాను. వదిన ఒక్కర్తే కూర్చుని చేసింది, తినకపోతే ఎలా అనుకున్నాను. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మింగాను.

కొంచెంసేపటికి గుండెల కింద మేకు దిగినట్టయింది. కక్కుదామంటే రాదు, లోపలికీ పోదు. చెమటలు పోశాయి. ఆ టైముకి పిలవాల్సిన బస్సు ఉంది. మీట నొక్కి, "ప్రయాణికులకు..." అన్నాను. గమనిక అనలేకపోయాను. కింద ఎవరికీ తేడా తెలీలేదు. గొణుగుడాయన ఒక్కడే పరిగెత్తుకుంటూ పైకొచ్చాడు. నేను నేలమీద పడున్నాను. నన్ను మెట్లు దింపి, మూటలు మోసే పార్శిలు బండి మీద కూర్చోబెట్టి, జనం మధ్యలోంచి తోసుకుంటూ గేటుదాకా తీసుకెళ్ళాడు. సామాను బండి మీద వెళ్ళాను వదినా, చీటీ అంటించడం ఒక్కటే తక్కువ.

కుట్టు చిట్లితే ప్రాణానికే వచ్చేదట. ఏదో మందు తాగించి ఫోటోలు తీశారు. చిట్లలేదు. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ ఒట్టి నీళ్ళ నుంచి. ఆ తిండి సంగతి చూసే ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎవరు పెట్టారు?" అని మాత్రం అడిగింది. చెప్పలేదు.

ఒక్కటి అడుగుతాను. నేను రాసే ఉత్తరాలు చదువుతున్నావా, లేక చూసి దాస్తున్నావా? తాగడమే, తినకూడదు అని రాశాను. నమిలి ఊశాను, అది సిగ్గుపడాల్సిన పని అని రాశాను. ఉండలు పంపావు. ఏడుస్తూ ఫోన్ చేశాను, నా ఏడుపు నీ చెవిన పడలేదు. ఎప్పుడూ నీకు పెట్టడమే కావాలి, ఎదుటిమనిషి ఏమంటోందో అక్కర్లేదు. నీ ప్రేమ ఇప్పుడు నా కడుపులో పట్టదు. ఇక ఏమీ పంపొద్దు. బొండుమల్లీ అని పిలవొద్దు.

*

ఏప్రిల్ 3

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. పోస్టు ఆలస్యమేమో అనుకుంటున్నాను.

నేను అలా రాసి ఉండాల్సింది కాదు. పోస్టు డబ్బాలో వేసి చెయ్యి బయటికి తీసేలోపే తెలిసింది. డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను కూడా, అందలేదు.

ఇవాళ సెలవు. పొద్దున్న కప్పు నీళ్ళు, తర్వాత సూపు. కిటికీ దగ్గర కూర్చుని తాగుతున్నాను. ఎదురింటివాళ్ళు భోజనానికి కూర్చున్నారు. పెద్దాయన ఏదో చెబుతూ చెయ్యి ఊపుతుంటే మెతుకులు పడుతున్నాయి, ఆవిడ విసుక్కుంటోంది. ఎంతసేపు చూశానో ఏమో, ఆవిడ లేచి తెర లాగేసింది. నేను వాళ్ళ తిండి చూస్తున్నాననుకుంది పాపం.

పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు ఉందో లేదో చూసుకుందామని, గదిలో నిలబడి "ప్రయాణికులకు గమనిక" అన్నాను. పక్కగదివాళ్ళు గోడ మీద కొట్టారు.

డబ్బాలో మిగిలిన ఉండలు పారెయ్యలేదు. గొణుగుడాయనకి ఇచ్చాను. మర్నాడు ఖాళీ డబ్బా కడిగి తెచ్చిచ్చాడు. "ఈమాత్రం చేసేవాళ్ళు నాకూ ఒకరుంటే" అన్నట్టు వినపడింది. మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు.

ఒక్క ముక్క రాయి వదినా. తిట్టయినా సరే.

నీ ఆడపడుచు

*

ఏప్రిల్ 10

వదినా,

రోజూ పోస్టుమాన్ కోసం మెట్ల మీద నిలబడుతున్నాను. ఆయన నన్ను చూసి ముందే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

మీరిద్దరూ బాగున్నారని అన్నయ్య చేతయినా రాయించు. ఇంకేమీ అడగను.

*

ఏప్రిల్ 13

అమ్మాయికి,

వేరే పేరు పెట్టి పిలవడం రాక ఇలా మొదలుపెట్టాను.

నీ కోపం ఉత్తరం చదివాను. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. నా ఏడుపు నీ చెవిన పడలేదు అని రాశావు. నిజమే. పడలేదు. నాకు చెవులు పోయాయి.

ఎడమది ఎప్పుడో మందగించింది. కుడిది పోయిన ఏడాది నుంచీ. మీ అన్నయ్య ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను. ఫోన్ మోగితే వినపడదు. ఆరోజు దాని మీద వెలుగొచ్చింది, నీ పేరు కనపడింది. నీ పేరు చూసి ఎత్తకుండా ఉండలేకపోయాను. చెవి దగ్గర పెట్టుకుంటే హోరు తప్ప ఏమీ లేదు. నువ్వు ఎప్పుడూ ముందు బాగున్నారా అనే కదా అడుగుతావు, ఆ లెక్కన బాగున్నాం అనేశాను. లైను బాగాలేదని తర్వాత అబద్ధం రాశాను.

బస్సెక్కితే కండక్టరు ఏమన్నా తెలీదు. వెనక హారను వినపడదు. అందుకే రాలేదు. యూనిఫాంలు కుంటిసాకు.

నీకెందుకు చెప్పలేదంటావేమో. ఎవరికి చెప్పినా చెప్పగలను గానీ, నీ గొంతు నాకిక వినపడదని నీతో ఎలా చెప్పను? ముద్దకో మాట అని నేను రాబట్టుకున్న గొంతది.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో అదీ చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన పూటే నిర్ణయించుకున్నాను, దీనికి జవాబు తిని రాయకూడదని. ఆ రోజు నుంచీ నేనూ తాగడమే. మందు కప్పు, గుక్క, ఆగడం. నువ్వు రాసినట్టే. మీ అన్నయ్య నాకు మతి పోయిందన్నాడు. మొదట సరదాగానే ఉంది, వంట తప్పింది కదా అని. తర్వాత ఆయన భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుని ఆయన దవడల వంకే చూస్తున్నాను. ఆయన సిగ్గుపడి గోడవైపు తిరిగి తిన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు వీపు పెట్టి తినడం అదే మొదటిసారి. అప్పుడు అర్థమైంది నాకు, నువ్వు మెట్ల మలుపులో ఎందుకు కూర్చుంటున్నావో.

నాకు ఎదురుగా గోడవైపు తిరిగే మనిషైనా ఉన్నాడు. నీకు అదీ లేదు.

చివరికి మిషను దగ్గర కళ్ళు తిరిగి సూది వేలిలో దిగింది. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని కట్టు కట్టి, దగ్గర కూర్చుని తినిపించాడు. ఆ వేలితో పెన్ను పట్టుకోవడం కుదరక ఇంకొంత ఆలస్యమైంది. నన్ను చెవుల డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళాడు. కుడిచెవికి మిషను పెట్టి చూద్దామన్నారు. గొంతులు వినపడతాయో, ఒట్టి రొదే వస్తుందో పెట్టాకగానీ తెలీదట.

నువ్వు చావు అంచుదాకా వెళ్ళొచ్చింది నా చేతి తిండి వల్ల. దానికి ఏమని రాయాలో నాకు తెలీదు. అందుకే వస్తున్నాను. వచ్చే ఆదివారం మీ అన్నయ్య ఇక్కడ బస్సెక్కిస్తాడు. నువ్వు దింపుకో.

నీ వదిన

*

ఏప్రిల్ 16

వదినా,

నీ ఉత్తరం మైకు గదిలో చదివాను. ఒక బస్సు పిలవడం మర్చిపోయాను, అది వెళ్ళిపోయింది. కంట్రోలరు పైకొచ్చి నా మొహం చూసి, అలాగే వెనక్కి దిగిపోయాడు.

నేను అన్న మాటలు వెనక్కి తీసుకోవడం కుదరదు. నువ్వు వచ్చాక నా ఎదురుగా కూర్చో. అన్నయ్య పెదాలు చూసినట్టు నావీ చూడు. మెల్లిగా మాట్లాడతాను. మెల్లిగా మాట్లాడటం నా ఉద్యోగమే.

బొండుమల్లీ అనే పిలువు. ఒళ్ళు తగ్గుతోంది గానీ ఆ పేరుకి పలికేది నేనొక్కదాన్నే.

ఖాళీ చేతులతో రా. డబ్బా కనపడితే పార్శిలు ఆఫీసులో అప్పగించేస్తాను.

నీ ఆడపడుచు

*

మే 1

బొండుమల్లీ,

క్షేమంగా చేరాను. మీ అన్నయ్య బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి, "అది బాగుందన్నమాట" అన్నాడు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నేను చెప్పిన బస్సుకి రాలేదు. దానికి ముందు దాంట్లోనే వచ్చేశాను. నువ్వు పైన పనిలో ఉన్నావని తెలుసు. వెంటనే పైకి రాకుండా కింద బెంచీ మీద కూర్చున్నాను, స్పీకరుకి ఎదురుగా. చెవి మిషను ఇంకా రాలేదు కదా, నాకు ఏమీ వినపడదు. ఊరికే కూర్చున్నాను. కాసేపటికి నా పక్కన నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి సంచీ వెతుక్కున్నాడు. ఎదురుగా పిల్లాడికి నీళ్ళు పడుతున్న తల్లి సీసా మూత పెట్టి పరిగెత్తింది. అటు చివర పదిమంది ఒకేసారి లేచారు. ఒక్క క్షణంలో ఒక బెంచీ ఖాళీ అయిపోయింది. నువ్వు మాట్లాడావన్నమాట. అలా ఎంతసేపు చూశానో. నువ్వు నోరు విప్పినప్పుడల్లా జనం లేస్తున్నారు, నువ్వు ఊరుకుంటే కూర్చుంటున్నారు. ఒక్కరూ తలెత్తి చూడరని రాశావు. చూడరు. లేచి వెళ్ళిపోతారు, ఎందుకంటే నీ మాట నమ్ముతారు.

నీ గదిలో ఉన్న ఆ నాలుగు రోజులూ మనిద్దరం ఏం మాట్లాడుకున్నామని? నాకు వినపడదు, నీకు గొంతు లేదు. కానీ అంత తీరిగ్గా నాతో ఎవరూ భోజనానికి కూర్చోలేదు. నేను నా పళ్ళెం, నువ్వు నీ కప్పు. నువ్వు గుక్క తాగి ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. అన్నం చల్లారిపోయింది. బాగుంది.

నా చేతి వంట నువ్వు తినకపోవడం నాకింకా కష్టంగానే ఉంది. అబద్ధం చెప్పను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఏడ్చాను. పక్కావిడ ఏదో అడిగింది, ఏమడిగిందో తెలీదు.

నీ వదిన

*

మే 9

వదినా,

నువ్వు వెళ్ళాక గదికి రావాలంటే కాళ్ళు రాలేదు. నీ పళ్ళెం కడిగి బోర్లించి వెళ్ళావు. దాన్ని అలాగే ఉంచాను. రెండో కుర్చీ కూడా గోడకి జరపలేదు. వాటి వల్ల గది ఇంకా ఖాళీగా కనపడుతోంది. అయినా జరపబుద్ధి కాలేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. కుట్లు బాగా మానాయట. ఇక మెత్తగా రుబ్బినవి చెంచా చెంచా తినొచ్చు అంది ఆవిడ. ఈ కబురు వినగానే ఎగిరి గంతేస్తానేమో అనుకున్నాను. భయమేసింది. ఆ మేకు నొప్పి ఇంకా గుర్తుంది. ఇంటికొచ్చి ఉడికించి, రుబ్బి, గిన్నెలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చివరికి మళ్ళీ సూపే తాగాను. ఇంకో రెండు రోజులు ధైర్యం తెచ్చుకుంటాను.

నిద్ర పడుతోంది. ఊపిరి ఆగడం చాలా తగ్గిందని మిషను పెట్టి చూసి చెప్పారు. పొద్దున్న లేచి, లేచానన్న సంగతి గమనించకుండానే మొహం కడుక్కుంటున్నాను. ఇదివరకు లేవగానే బతికున్నానా అని చూసుకునేదాన్ని.

ఇవాళ మధ్యాహ్నం కప్పు పట్టుకుని మెట్ల మలుపుదాకా వెళ్ళి, కూర్చోబోయి, జనం నా మాట నమ్ముతారని నువ్వు రాసింది గుర్తొచ్చి ఆగాను. దిగి కౌంటర్ల వెనక గదిలోకి వెళ్ళాను. బల్ల దగ్గరున్నవాళ్ళంతా నావైపు తిరిగారు. వాళ్ళు అడిగేలోపే నేను చెప్పేశాను. "నాది గ్యాసు ఆపరేషను కాదు. కడుపు కోసి చిన్నది చేశారు. నేను తినడానికి రాలేదు, కూర్చోడానికి వచ్చాను." గబుక్కున కప్పు బల్ల మీద పెట్టేసరికి సూపు ఒలికింది. కౌంటరావిడ తన డబ్బా ముందుకి తొయ్యబోయి, వెనక్కి లాక్కుని, తుడవడానికి గుడ్డ ఇచ్చింది. గొణుగుడాయన ఏదో గొణుగుతూ కుర్చీ పక్కకి జరిపాడు. కూర్చున్నాను.

తర్వాత కంట్రోలరు కొత్త బస్సుల సీట్ల గురించి ఎత్తాడు. అందరూ దాని మీద పడ్డారు. నేనూ ఒకటి రెండు మాటలన్నాను. వాళ్ళ భోజనాలు అయిపోయాయి, నా కప్పు సగం కూడా కాలేదు. ఒక్కొక్కరే డబ్బాలు సర్దుకుని లేచి వెళ్ళారు. గది ఖాళీ అయింది.

గొణుగుడాయన మాత్రం లేవలేదు. ఖాళీ డబ్బాకి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "మీకు పార్శిళ్ళు వచ్చే టైమైంది కదా" అన్నాను.

"వస్తాయిలే, వచ్చి ఎక్కడికి పోతాయి. మీరు తాగండి" అన్నాడు. ఈసారి గొణగలేదు, స్పష్టంగానే అన్నాడు.

తాగాను వదినా, గుక్కెడు గుక్కెడుగా. కప్పు అయ్యేదాకా ఆయన కూర్చున్నాడు.

నీ బొండుమల్లి